ఆ 'టక్' చప్పుడుకి పడిపోయాం

మా ఆవిడకి ఏడో నెలప్పుడు ఇద్దరం స్ట్రోలర్ చూద్దామని షాపుకెళ్ళాం. తప్పు అక్కడే మొదలైంది. స్ట్రోలర్ చూద్దామని వెళ్ళాం, కార్ సీటు అనేది స్ట్రోలర్‌తో పాటు సెట్టులో వచ్చే ఇంకో సామాను అన్నట్టే ఉంది అప్పటికి మా ఇద్దరి బుర్రల్లో. షాపులో కుర్రాడు మహా చురుకు. ఒక్క చేత్తో స్ట్రోలర్ మడిచాడు, మళ్ళీ విప్పాడు, పక్కనున్న సీటుని హ్యాండిల్ పట్టుకుని ఎత్తి దాని మీద పెట్టాడు, టక్ మంది. "అంతే సార్, బాబు నిద్ర లేవకుండా కారులోంచి నేరుగా ఇందులోకి" అన్నాడు. ఇంకా పుట్టనే లేదు, వాడి నిద్ర చెడిపోతుందేమోనని మేమిద్దరం మొహాలు చూసుకుని కొనేశాం.

ఆ ఆదివారం మాన్యువల్ ఒళ్ళో పెట్టుకుని కారులో కూర్చున్నా. మాది చిన్న కారు. కార్ సీటు కింద ఉండే బేస్‌ని కారు వెనక సీటు మీద పెట్టి, సీటుకీ వీపుకీ మధ్య సందులో వేళ్ళు దూర్చి ఐసోఫిక్స్ కడ్డీలు, అంటే కార్ సీటు తగిలించడానికి కారులోనే బిగించి ఉండే కొక్కేలు, వెతికి తగిలించా, రెండు పక్కలా పచ్చ గుర్తు కనిపించింది, అబ్బో నాకు బానే వచ్చు ఇదంతా అనుకున్నా. తర్వాత సీటు దాని మీద పెట్టాను. అప్పుడు అర్థమైంది, వెనక్కి తిరిగి ఉండే సీటు, అదీ పసిపిల్లలకి కావాల్సినంత వాలుగా పెట్టిన సీటు, ముందు నుంచి వెనక్కి ఎంత చోటు తింటుందో. ముందు సీటుని పూర్తిగా ముందుకి జరిపితే గానీ పట్టలేదు. మా ఆవిడ పొట్ట పట్టుకుని ముందు సీట్లోకి ఎక్కి చూసింది, మోకాళ్ళు వెళ్ళి డ్యాష్‌బోర్డుకి ఆనాయి. "ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు నన్ను డిక్కీలో వేస్తావా" అంది. సరే అని డ్రైవర్ వెనక్కి మార్చి చూస్తే నేను స్టీరింగుని కావలించుకుని నడపాలి. పోనీ మధ్యలో పెడదామా అంటే మా కారులో మధ్యన ఐసోఫిక్స్ లేదు, ఉన్న బెల్టు కూడా నడుముకి పెట్టుకునేదే, ఆ సీటుకేమో భుజం బెల్టు కూడా ఉండాలని మాన్యువల్‌లో రాశారు. అన్నట్టు డిక్కీ అంటే గుర్తొచ్చింది, స్ట్రోలర్ చక్రాలు ఊడదీస్తే తప్ప అందులో పట్టలేదు. వారం తిరక్కుండా సెట్టు మొత్తం వెనక్కి ఇచ్చేశాం, దానికి షాపులో ఎంత వాదించాల్సి వచ్చిందో ఆ గోల వద్దులెండి.

అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే, ముందు మీ కారు, తర్వాత ఆ కారులో సరిగ్గా కూర్చునే సీటు, అన్నీ అయ్యాక ఆఖర్న స్ట్రోలర్. జనం దీన్ని పూర్తిగా తలకిందులు చేస్తున్నారు, అంటే ముందు స్ట్రోలర్ రంగు నచ్చుతుంది, దాని మీద ఏ సీటు ఎక్కుతుందో అది కొంటారు, ఆ సీటు కారులో ఎలా కూర్చుంటుందో పిల్ల పుట్టాక చూస్తారు. స్ట్రోలర్ బాగోకపోతే చెయ్యి నొప్పి పెడుతుంది, లేకపోతే మెట్ల దగ్గర తిట్టుకుంటాం, అంతకు మించి ఏం పోదు. సీటు విషయం అలా కాదు.

పుట్టిన బిడ్డ పొడుగులో దాదాపు నాలుగో వంతు తలే. పెద్దవాళ్ళలో అది ఏడెనిమిదో వంతు. అంత పెద్ద తలని మోసే మెడలో ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు, కొంత మెత్తటి మృదులాస్థే ఉంటుంది. ఎదురుగా దేన్నైనా గుద్దుకుంటే ముందుకి చూస్తూ కూర్చున్న బిడ్డ ఒళ్ళు బెల్టు పట్టి ఆపుతుంది, తల మాత్రం ముందుకి పోతుంది, ఆ బరువంతా మెడ మీదే. వెనక్కి తిరిగి ఉంటే ఆ దెబ్బని తలా మెడా వీపూ కలిసి సీటు పెంకు, అంటే దాని గట్టి ప్లాస్టిక్ చట్రం, మీదికి పంచేసుకుంటాయి. ఈ ఆలోచన స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ప్రొఫెసర్‌ది, రాకెట్ పైకి లేచేటప్పుడు ఆ ఒత్తిడి వీపు మీద పడేలా వ్యోమగాములు పడుకుని ఉండటం చూసి ఆయనకి తట్టిందట, 1964లో వోల్వో వాళ్ళు అలాంటి నమూనా సీటుని పరీక్షించారు. అరవై ఏళ్ళ నాటి ముచ్చట ఇది. అక్కడ పిల్లల్ని నాలుగేళ్ళ దాకా వెనక్కి తిప్పే కూర్చోబెడతారు, మనమేమో ఏడాది నిండిందో లేదో "పాపం, వాడికి రోడ్డు కనపడట్లేదు" అని ముందుకి తిప్పేస్తాం.

ఒళ్ళో పెట్టుకుంటాలే, గట్టిగా పట్టుకుంటాలే అనేవాళ్ళకి ఒక చిన్న లెక్క. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు గుద్దుకుని అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకోండి, ఆ క్షణంలో లోపలున్న ప్రతిదీ దాని బరువుకి ఇరవై రెట్లు లాగుతుంది. నాలుగు కిలోల బిడ్డ ఎనభై కిలోలు. ఎంత ప్రేమ ఉన్నా ఆ పట్టు నిలవదు.

సరే, కొనేటప్పుడు చూడాల్సిన వాటికొద్దాం. సీటు మీద ఒక స్టికర్ ఉంటుంది, మేం మొదటిసారి దాన్ని చూడనే లేదు. యూరప్ పద్ధతి సీట్లకి నారింజ రంగు లేబుల్ మీద గుండ్రంలో ఇంగ్లీషు 'E' అక్షరం, పక్కన ఒక అంకె ఉంటాయి, ఆ అంకె ఏ దేశం అనుమతి ఇచ్చిందో చెప్తుంది, 1 అయితే జర్మనీ, 4 అయితే నెదర్లాండ్స్. దాని మీద ఆర్ 44 అని ఉందా ఆర్ 129 అని ఉందా చూడండి, ఇవి పిల్లల సీట్ల భద్రతా నిబంధనల నంబర్లు. ఆర్ 129 అంటే పొడుగుని బట్టి ఎంచుకునే ఐ-సైజ్ రకం సీట్లు వచ్చిన నిబంధన, 2013లో అమల్లోకి వచ్చింది, ఇందులో పక్క నుంచి గుద్దే పరీక్ష కూడా ఉంది, పాతదైన ఆర్ 44లో అది లేదు. 15 నెలలు నిండేదాకా వెనక్కి తిరిగే ఉండాలన్నదీ ఇందులోనే. 2024 సెప్టెంబర్ నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఆర్ 44 సీట్లు కొత్తగా అమ్మకూడదు, అందుకే ఎక్కడైనా ఆర్ 44 సీటు బాగా చవగ్గా కనపడితే ఎందుకు చవకో ఆలోచించండి. అమెరికా సీట్లది వేరే లెక్క, వాళ్ళ భద్రతా ప్రమాణం పేరు ఎఫ్ఎంవీఎస్ఎస్ 213, ఛాతీ దగ్గర ఒక క్లిప్పు ఉంటుంది, యూరప్ సీట్లకి మామూలుగా ఉండదు. ఒక దేశంలో కొన్న సీటు ఇంకో దేశంలో వాడటానికి చట్టం ఒప్పుకోకపోవచ్చు, విదేశాల నుంచి చుట్టాలు ప్రేమగా తెచ్చిచ్చే ముందు ఈ సంగతి చెప్పడం మంచిది.

ఇక బరువు దగ్గర చాలామంది బోల్తా పడతారు. డబ్బా మీద 13 కిలోల దాకా అని ఉంటుంది, అబ్బో 13 కిలోలంటే మూడేళ్ళు వచ్చేస్తుందిగా అనుకుంటాం, నేనూ అలాగే అనుకున్నా. కానీ బిడ్డ బరువు కంటే ముందు పొడుగు దాటేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో ఏడాది మగపిల్లాడి మధ్యస్థ పొడుగు 75.7 సెంటీమీటర్లు, బరువు 9.6 కిలోలు. ఈ బుట్టలాంటి పసి సీట్లు మోడల్‌ని బట్టి 75 నుంచి 87 సెంటీమీటర్ల దాకా వస్తాయి. అంటే 75 దగ్గర ఆగిపోయేది కొంటే చాలామందికి మొదటి పుట్టినరోజు నాటికే ఇరుకైపోతుంది, బరువు లెక్కలో ఇంకా మూడు నాలుగు కిలోల చోటు మిగిలే ఉంటుంది. అమెరికా సీట్లకైతే తల పైభాగం నుంచి పెంకు అంచుకి కనీసం రెండున్నర సెంటీమీటర్లు ఉండాలని మామూలుగా రాస్తారు, అంతకంటే తగ్గితే సీటు మార్చాల్సిందే, కాళ్ళు ముడుచుకున్నాయని మాత్రం కంగారు పడక్కర్లేదు.

ఇప్పుడు నా అసలు గొడవ. ఆ టక్ చప్పుడు.

సీటూ స్ట్రోలరూ కలవడం అంటే మూడు రకాలు. ఒకే కంపెనీ సెట్టు, అంటే అప్పాబేబీ మెసా సీటు వాళ్ళ విస్టా స్ట్రోలర్ మీద ఏ అడాప్టరూ (సీటునీ స్ట్రోలర్‌నీ కలిపే ముక్క) లేకుండా నేరుగా కూర్చున్నట్టు. రెండోది అడాప్టర్ల మీద వేరే కంపెనీ సీటు, మాక్సీ-కోసీ పద్ధతి అడాప్టర్ల మీద సైబెక్స్, నూనా, జోయీ సీట్లు చాలావరకు ఎక్కుతాయి, అయితే "చాలావరకు" అన్న మాట గుర్తుంచుకోండి, మోడల్ పేరు ఒకటే అయినా తయారైన సంవత్సరం మారితే కొక్కెం మారిపోవచ్చు, స్ట్రోలర్ కంపెనీ ఇచ్చే జాబితాలో మీ సీటు పేరు పూర్తిగా ఉందో లేదో చూసుకోవాల్సిందే. మూడోది డూనా లాంటిది, సీటుకే చక్రాలు ఉంటాయి, లాగితే బయటికొస్తాయి. చూడటానికి ముచ్చటేస్తుంది, ట్యాక్సీలు ఎక్కి దిగేవాళ్ళకి నిజంగా పనికొస్తుంది కూడా, కానీ ఖాళీదే ఏడెనిమిది కిలోలు, పైగా బిడ్డ సీటు దాటేసిన రోజున స్ట్రోలర్ కూడా పోయినట్టే.

అడాప్టర్ల దగ్గర మాకో అనుభవం అయింది. రెండోసారి మా కారుకి సరిపోయే సీటు తెచ్చుకున్నాక దాన్ని మా అన్నయ్య వాళ్ళ దగ్గర తెచ్చుకున్న స్ట్రోలర్ మీద ఎక్కించడానికి అడాప్టర్లు విడిగా కొన్నాం. ఎడమ, కుడి అని వాటి మీద చిన్న అక్షరాలుంటాయి, నేను కళ్ళజోడు లేకుండా తగిలించేశా. సీటు పెట్టాను, టక్ మంది, తృప్తిగా ఉంది. ఎందుకో అనుమానం వచ్చి నాలుగు కిలోల పుస్తకాల సంచి అందులో పెట్టి స్ట్రోలర్‌ని గడప ఎక్కించాను, సీటు ఒక పక్కకి లేచి ఒరిగిపోయింది, పుస్తకాలు నేల మీద. కుడి పక్క మాత్రమే పట్టింది, ఎడమ పక్క ఊరికే ఆనుకుని ఉంది. ఒకే ఒక్క టక్ వినపడిందని అప్పుడు గుర్తొచ్చింది, రెండు రావాలి. అప్పటి నుంచి చప్పుడుని నమ్మడం మానేసి హ్యాండిల్ పట్టుకుని పైకి లాగి చూస్తున్నా, స్ట్రోలర్ ముందు చక్రాలు కూడా లేస్తే పట్టినట్టు.

ఇదంతా పక్కన పెట్టండి, అన్నీ సరిగ్గా కుదిరినా సరే, "నిద్ర లేవకుండా కారులోంచి స్ట్రోలర్‌లోకి" అన్న మాటే నాకు నచ్చట్లేదు ఇప్పుడు. ఆ సీటు కారు కోసం చేసింది. బేస్ మీద సరైన వాలులో కూర్చున్నప్పుడు, పట్టీలు బిగించి ఉన్నప్పుడు, బిడ్డ తల వెనక్కి ఆనుకుని గొంతు తెరుచుకుని ఉంటుంది. అదే సీటు ఇంట్లో నేల మీద, సోఫా మీద పెడితే వాలు మారిపోతుంది, పాపం ఏడుస్తున్నాడని పట్టీలు వదులు చేస్తాం, బిడ్డ కిందికి జారుతుంది, గడ్డం ఛాతీకి అంటుకుంటుంది, పసిపిల్లల గాలిగొట్టం మెత్తగా సన్నగా ఉంటుంది కాబట్టి అది మూసుకుపోవడానికి ఆ వంపు చాలు, పైగా తల ఎత్తుకునే బలం ఉండదు, ఏడవను కూడా ఏడవరు, బయటి నుంచి చూస్తే హాయిగా పడుకున్నట్టే ఉంటుంది. 2019లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో అమెరికాలో 2004 నుంచి 2014 దాకా నిద్రలో జరిగిన 11,779 పసిపిల్లల మరణాలు చూశారు, అందులో 348 ఇలా కూర్చోబెట్టే సామాన్లలో జరిగినవి, వాటిలో దాదాపు 63 శాతం కార్ సీట్లలో. ఆ కార్ సీట్ల కేసుల్లో సీటుని దాని పనికి, చెప్పిన పద్ధతిలో వాడినవి 10 శాతం కంటే తక్కువ. ఇది చదివి కారంటేనే భయపడిపోవద్దు, కారు ప్రయాణంలో బిడ్డకి సరిగ్గా కట్టిన సీటు అంత భద్రమైన చోటు ఇంకోటి లేదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెప్పేది కూడా అదే, ప్రయాణం అయిపోయాక బిడ్డ నిద్రపోతుంటే వీలైనంత త్వరగా తీసి చదునుగా పడుకోబెట్టమని. బ్రిటన్‌లో అయితే ఒకేసారి రెండు గంటలు దాటొద్దని, నాలుగు వారాల లోపు పిల్లలకి అరగంట మించొద్దని చెప్తారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని కొన్ని ఆస్పత్రుల్లో ఇంటికి పంపే ముందు కార్ సీట్లో కూర్చోబెట్టి ఊపిరి, ఆక్సిజన్ సరిగ్గా ఉన్నాయో లేదో పరీక్షించి మరీ పంపుతారు. మరి ఇన్ని చెప్తుంటే, కారులో ఒక గంట, తర్వాత అదే సీట్లో షాపింగ్ మాల్‌లో రెండు గంటలు, మళ్ళీ ఇంటికి ఒక గంట, ఇదేనా మనం డబ్బులు పెట్టి కొనుక్కునే సౌకర్యం?

మా ఆవిడ ఇందులో సగమే ఒప్పుకుంది. "వాన పడుతుంటే, డాక్టర్ దగ్గర పది నిమిషాల పనుంటే, అప్పుడు?" అంది. నిజమే, అలాంటి చిన్న చిన్న వాటికి ఆ సదుపాయం బంగారమే, కాదనను. కానీ అదెన్నాళ్ళు? సీటు ఒక్కటే నాలుగు నుంచి అయిదున్నర కిలోలు ఉంటుంది, ఆరో నెలకి పిల్లాడు దాదాపు ఎనిమిది కిలోలవుతాడు, కలిపితే పన్నెండు దాటింది, ఆ హ్యాండిల్ మోచేతికి తగిలించుకుని వందడుగులు నడిచి చూడండి. సిజేరియన్ అయిన తల్లినైతే మొదటి కొన్ని వారాలు బిడ్డ కంటే బరువైంది ఎత్తొద్దనే అంటారు, అంటే ఆ సీటు ఎత్తి స్ట్రోలర్ మీద టక్ మనిపించేది ఆవిడ కాదు, ఇంకెవరో పక్కనుండాలి. ఇలా లెక్కేసుకుంటే ఆ కలయిక మనకి పనికొచ్చేది నాలుగైదు నెలలు, దాని కోసం కారుకి సరిపోని సీటు కొనడం ఏ రకంగానూ నాకు సబబనిపించదు. పసిబిడ్డకి స్ట్రోలర్‌లో నిజంగా కావాల్సింది పూర్తిగా చదునుగా వాలే సీటు, లేదంటే పడుకోబెట్టే తొట్టి. చాలా స్ట్రోలర్ల మామూలు సీటు ఆరు నెలల నుంచి అని రాసి ఉంటుంది, అది చూడకుండా కొంటే మొదటి ఆర్నెల్లు అది హాల్లో బట్టలు ఆరేసుకోవడానికే.

కొనే రోజున కారు తీసుకెళ్ళండి, షాపు వాళ్ళని పార్కింగులోకి రమ్మనండి, రామంటే ఇంకో షాపు. ముందు సీట్లో మీ ఇంట్లో అందరికంటే పొడుగు మనిషి కూర్చోవాలి. బేస్ పట్టిన చోట చేత్తో పట్టుకుని అటూ ఇటూ లాగితే రెండున్నర సెంటీమీటర్ల కంటే కదలకూడదు. బేస్‌కి కింద నేలకి ఆనే కాలుంటే, మీ కారు నేలలో అక్కడ మూతపెట్టె ఉందేమో చూడండి, బోలుగా ఉన్న మూత మీద ఆ కాలు పెట్టనివ్వరు. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుంటే వెనక్కి తిరిగిన సీటు అక్కడ పెట్టనే కూడదు, దీంట్లో బేరం లేదు. పట్టీలు భుజాల ఎత్తులోనో కొంచెం కిందగానో మొదలవ్వాలి, బిగించాక భుజం దగ్గర పట్టీని వేళ్ళతో మడత పట్టుకోవడానికి రాకూడదు, చలికోటు వేసి మాత్రం బిగించొద్దు, గుద్దుకున్నప్పుడు ఆ కోటులో గాలంతా నలిగి పట్టీ వదులైపోతుంది, దుప్పటి పైన కప్పండి చాలు. సీటుతో పాటు రాని మెత్తలు, మెడ దిండ్లు, ఎంత ముద్దుగా ఉన్నా, పక్కన పడేయండి.

ఇక మా అన్నయ్య వాళ్ళ సీటు కథ. మేం కొత్తది వెతుకుతున్నామని తెలిసి వదిన ఫోన్ చేసింది, "మా దగ్గర సీటూ స్ట్రోలరూ రెండూ ఉన్నాయి కదయ్యా, ముగ్గురు పిల్లలు అందులోనే పెరిగారు, ఏమైంది వాళ్ళకి?" అంది. ఏం కాలేదు, ఎందుకంటే వాళ్ళ కారు ఎప్పుడూ దేన్నీ గుద్దలేదు, ఆ సీటుకి పరీక్షే రాలేదు. ఈ మాట వదినతో అనలేదు లెండి, ఇక్కడ రాస్తున్నా. వెళ్ళి సీటు తిరగేసి చూస్తే కింద ప్లాస్టిక్‌లో అచ్చుగుద్దిన తయారీ తేదీ పదకొండేళ్ళ కిందటిది. సీట్లకి కంపెనీని బట్టి ఆరు నుంచి పదేళ్ళ గడువుంటుంది, ఎండలో కారులో ఉడికి ఉడికి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, పట్టీల్లో బలం తగ్గుతుంది. అదీ కాక గట్టిగా గుద్దుకున్న సీటు మళ్ళీ వాడకూడదు, పెంకు మీద గీత కూడా లేకపోయినా సరే. చరిత్ర తెలియని సీటుని ఎవరిచ్చినా తీసుకోవద్దని నేననేది అందుకే. అన్నయ్య ఏం మాట్లాడకుండా కత్తెర తెచ్చి పట్టీలు కత్తిరించేశాడు, పెంకు మీద మార్కర్‌తో 'వాడొద్దు' అని పెద్దక్షరాల్లో రాశాడు, చెత్త దగ్గర ఎవరైనా చూసి ఇంటికి పట్టుకెళ్ళకుండా.

స్ట్రోలర్ మాత్రం తెచ్చుకున్నాం. బ్రేకు పట్టుకుంటోంది, మడత లాక్ గట్టిగా ఉంది, రీకాల్ ఏమైనా ఉందేమో, అంటే లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచిందేమో మోడల్ నంబర్ పెట్టి వెతికాను, లేదు, సీటు పూర్తిగా చదునుగా వాలుతుంది. నేను పుస్తకాలు పడేసింది దీని మీదే. ఆ అడాప్టర్లు మొదటి రెండు నెలల్లో నాలుగుసార్లు వాడామేమో, ఇప్పుడు సొరుగులో టేపులూ బ్యాటరీల మధ్య ఉన్నాయి. కారు ఆగగానే పిల్లాణ్ణి సీట్లోంచి తీసి స్ట్రోలర్‌లో పడుకోబెడతాం, ప్రతిసారీ నిద్ర లేస్తాడు, ఒక నిమిషం మా ఇద్దర్నీ చూసి మొహం చిట్లిస్తాడు, మళ్ళీ పడుకుంటాడు.